ఉద్యోగంలో కొత్తవాళ్ళు తమ పని దాటి ఎప్పుడు ముందుకొస్తారు?

విజయవాడలో 40 మంది పనిచేసే సంస్థ నడుపుతున్నానని, వాళ్ళలో సగానికి పైగా పాతికేళ్ళ లోపువాళ్ళేనని రాశారు. చెప్పిన పని చేస్తారు, ఆరవగానే బ్యాగు తగిలించుకుంటారు, పక్కన ఏదైనా తేడా కనిపించినా తమకు సంబంధం లేనట్టే ఉంటారు అన్నది మీ బాధ. ఇన్సెంటివ్ పెడితే మారతారా, లేక ఈ తరమే ఇంతా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. ఒక కుర్రాడో అమ్మాయో తన పని దాటి ముందుకొస్తారా లేదా అన్నది, కిందటిసారి అలా వచ్చినప్పుడు ఏం జరిగిందో దాన్ని బట్టి ఉంటుంది. వాళ్ళు చెప్పింది ఎవరైనా విన్నారా? జవాబిచ్చారా? పేరు వాళ్ళకే వచ్చిందా, పైవాడు కొట్టేశాడా? లేక ఆ పని కూడా ఇక మీదట నువ్వే చెయ్యి అని నెత్తిన పెట్టారా? తమకు జరిగింది చూసి నేర్చుకుంటారు, పక్కవాడికి జరిగింది చూసి ఇంకా త్వరగా నేర్చుకుంటారు. ఇన్సెంటివ్ సంగతి దీని తర్వాత. ఈ తరమే ఇంత అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

నేను ఇరవై ఏళ్ళకు పైగా మందుల ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్, ప్యాకింగ్ విభాగాలు చూశాను, ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కల. ఐటీఐ, డిప్లొమా, బీఫార్మసీ చదివి నేరుగా షాప్ ఫ్లోర్‌కి, అంటే తయారీ జరిగే చోటుకి, వచ్చే పిల్లలతోనే నా పనంతా. మీ వ్యాపారం వేరు కావచ్చు. కానీ ఇరవై రెండేళ్ళ మనిషి మొదటి ఉద్యోగంలో దేనికి స్పందిస్తాడు అన్నది పెద్దగా మారదు.

అసలు మనకు కావాల్సింది ఏమిటో ముందు తేల్చుకోవాలి. చాలామంది యజమానులు రాత్రి దాకా కూర్చోవడాన్నే అంకితభావం అనుకుంటారు. నా లెక్కలో అది కాదు. తేడా కనిపిస్తే చెప్పడం, కొత్తగా వచ్చినవాడికి మెషీన్ దగ్గర ఓపిగ్గా చూపించడం, తర్వాతి షిఫ్ట్ వాళ్ళకు ఇబ్బంది లేకుండా పని అప్పగించి వెళ్ళడం, ఇవీ అసలైనవి. ఇవేవీ ఆఫర్ లెటర్‌లో ఉండవు, కానీ ఇవి లేకపోతే సంస్థ నడవదు. మన దేశంలో యూనియన్లు నిరసనగా అప్పుడప్పుడు 'నిబంధనల ప్రకారమే పని' అని ప్రకటిస్తాయి. ఎవరూ పని ఆపరు, రాసిపెట్టిన దానికి మించి మాత్రం చేయరు. దాంతోనే పనంతా కుంటుపడుతుంది. నిర్వహణ శాస్త్రంలో దీని మీద చాలా పరిశోధన జరిగింది. డెన్నిస్ ఆర్గన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1980లలో ఈ రకమైన ప్రవర్తనకు 'ఆర్గనైజేషనల్ సిటిజన్‌షిప్ బిహేవియర్' అని పేరు పెట్టారు. ఆయన నిర్వచనంలో నాకు ముఖ్యంగా అనిపించేది ఒకటుంది: అది మనిషి తన ఇష్టంతో చేసేది, చేయకపోయినా శిక్ష ఉండదు. ఇష్టంతో చేసేదాన్ని ఆర్డర్ వేసి రాబట్టలేం. అది పుట్టే వాతావరణం కల్పించడం వరకే మన చేతిలో ఉంది.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను.

మాత్రలను స్ట్రిప్పుల్లో పెట్టి సీలు వేసే బ్లిస్టర్ ప్యాకింగ్ లైన్‌లో బీఫార్మసీ చదివిన ఒక అమ్మాయి ట్రైనీగా చేరింది. ప్రతి కొంతసేపటికీ కొన్ని స్ట్రిప్పులు తీసి లీక్ టెస్ట్ చేయడం ఆమె పని. స్ట్రిప్పులను నీలం రంగు నీళ్ళలో ముంచి వాక్యూమ్ పెడతాం. సీలు సరిగా పడకపోతే మాత్ర ఉండే గడిలోకి నీలం ఎక్కుతుంది. ఎక్కినవి ఎక్కినట్టు రికార్డులో రాస్తే ఆమె బాధ్యత తీరిపోతుంది. ఆమె అక్కడితో ఆగలేదు. ఒకరోజు సూపర్‌వైజర్ దగ్గరకెళ్ళి, "సార్, నీలం ఎక్కే స్ట్రిప్పులు ఎక్కువగా టీ బ్రేక్ తర్వాతే వస్తున్నాయి, ఒకసారి రికార్డు చూస్తారా" అని అడిగింది. ఆ సూపర్‌వైజర్ మంచివాడు. పాత బ్యాచ్ రికార్డులు తెప్పించి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చూశాడు. ఆమె చెప్పింది నిజమే. బ్రేక్‌లో మెషీన్ ఆగినప్పుడు సీలింగ్ రోలర్ వేడి తగ్గుతోంది. మళ్ళీ మొదలుపెట్టాక పూర్తి వేడి అందుకునే లోపు వచ్చే స్ట్రిప్పుల్లో కొన్ని బలహీనంగా పడుతున్నాయి. మెషీన్ మొదలుపెట్టగానే వచ్చే కొన్ని స్ట్రిప్పులను మేం ఎలాగూ తీసిపారేస్తాం, ఆ సంఖ్య సరిపోవడం లేదు.

పరిష్కారం పెద్దది కాదు, కానీ మా పరిశ్రమలో చిన్న మార్పుకైనా ఛేంజ్ కంట్రోల్ (మార్పును కాగితం మీద పెట్టి పరిశీలించడం), క్వాలిటీ వాళ్ళ ఆమోదం, ఎస్ఓపీ (పని ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి) సవరణ, శిక్షణ అన్నీ కావాలి. వారాలు పడుతుంది. సూపర్‌వైజర్ ఆ వారాల్లో ఏం చేశాడన్నదే నాకు ముఖ్యం. ఫైల్ ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పటికప్పుడు ఆమెకు చెబుతూ వచ్చాడు. క్వాలిటీ మీటింగ్‌కు ఆమెనే తీసుకెళ్ళి ఆమెతోనే చెప్పించాడు. కొత్త పద్ధతి వచ్చాక మిగతా షిఫ్ట్‌లకు వివరించే పని కూడా ఆమెకే ఇచ్చి, ఆ సమయంలో ఆమె టెస్టులు ఇంకొకరు చూసేలా ఏర్పాటు చేశాడు. డబ్బు రూపంలో ఆమెకు దక్కింది ఏమీ లేదు. కానీ ఆ తర్వాత కొద్ది నెలల్లో ఆ లైన్ నుంచి వచ్చినన్ని సూచనలు మిగతా లైన్లన్నీ కలిపినా రాలేదు. మెషీన్ ఆపరేటర్లు, ప్యాకింగ్ టేబుల్ దగ్గర కాంట్రాక్ట్ మీద పనిచేసే ఆడవాళ్ళు కూడా నోరు విప్పారు. ఆమెకు ఏం జరిగిందో వాళ్ళంతా చూశారు కదా.

దీనికి పూర్తి వ్యతిరేకమైనది ఇంకో ఫ్యాక్టరీలో చూశాను. మెయింటెనెన్స్‌లో ఐటీఐ ఫిట్టర్ కుర్రాడు, కన్వేయర్ ఒకచోట పదే పదే ఇరుక్కుంటుంటే గైడ్ ఎలా మారిస్తే బాగుంటుందో చెప్పాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు పైవాడు. రెండు నెలల తర్వాత అదే మార్పును పైవాడు తన ఆలోచనగా మేనేజర్‌కు చూపించి మెప్పు పొందాడు. ఆ కుర్రాడు గొడవ పడలేదు, పని మానలేదు. చెప్పడం మానేశాడు. హాజరు బాగుంది, పని బాగుంది, ఏ రిపోర్టులోనూ తేడా కనిపించదు. ఒక తెలివైన మనిషిని ఉద్యోగంలో ఉండగానే పోగొట్టుకున్నామని ఆ యాజమాన్యానికి తెలిసే దారే లేదు. మీ దగ్గర ఇప్పుడు 'పట్టించుకోరు' అనిపించే పిల్లల్లో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడమని నా మొదటి మనవి.

ఇన్సెంటివ్ గురించి. పెట్టవద్దు అనను, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కాలేజీ విద్యార్థులకు ముక్కలు పేర్చి ఆకారాలు చేసే సరదా పజిల్ ఇచ్చారు. కొంతమందికి మధ్యలో ఒక విడత, పరిష్కరించిన ప్రతి పజిల్‌కు ఒక డాలర్ చొప్పున ఇచ్చి, తర్వాతి విడతలో ఇవ్వడం ఆపేశారు. డబ్బు ఆగాక, ఖాళీ సమయంలో తమంతట తాము పజిల్ ముట్టుకోవడం వాళ్ళలో తగ్గింది. ఇష్టంతో చేసేదానికి రేటు కడితే, రేటు లేనప్పుడు చేయబుద్ధి కాదు. ఫ్యాక్టరీలో దీన్ని నేను కళ్ళారా చూశాను. సూచనకు ఇంత అని పెడితే మొదటి నెల పెట్టె నిండిపోతుంది. సగం 'క్యాంటీన్‌లో ఫ్యాన్ వేయాలి' లాంటివి. అవీ కావాల్సినవే, కాదనను. కానీ మూడో నెలకు పెట్టె ఖాళీ, ఎందుకంటే మొదటి నెల వేసిన వాటికి జవాబు రాలేదు.

టొయోటాలో సూచనల పద్ధతి 1951 నుంచీ నడుస్తోంది. అక్కడ ఒక్కో సూచనకు ఇచ్చే బహుమతి సాధారణంగా చిన్నదే. చెప్పినదాన్ని పై అధికారి దగ్గరుండి చూసి, వీలైతే అమలు చేసి చూపించడమే దాని బలం. మీరు డబ్బు ఇవ్వాలనుకుంటే పని జరిగిపోయాక, ముందుగా చెప్పకుండా, అందరి ముందూ ఇవ్వండి. రేటు కార్డు మాత్రం గోడకు అంటించకండి.

అయితే ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. జీతం విషయంలో అన్యాయం జరుగుతోందని వాళ్ళకు అనిపిస్తే నేను చెప్పినవేవీ పనిచేయవు. ఒకటో తారీఖు జీతం పదిహేనుకు ఇచ్చే చోట, ఒకే పనికి ఇద్దరికి రెండు జీతాలు ఉన్న చోట, పీఎఫ్ కట్ చేసి కట్టని చోట 'మనదంతా ఒకే కుటుంబం' అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఓటీకి రెట్టింపు వేతనం ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. దాన్ని ఎగ్గొట్టడానికి 'అంకితభావం' అన్న మాట వాడటం నేను చాలాచోట్ల చూశాను. పిల్లలకు అది ఇట్టే అర్థమవుతుంది. వాళ్ళ రూములో నలుగురుంటే నాలుగు కంపెనీల జీతాలు, రూల్సు వాళ్ళకు తెలుసు.

ఆరింటికి వెళ్ళిపోవడం గురించి కూడా ఒక మాట. కంపెనీ బస్సు ఆరుంబావుకు బయల్దేరితే, ఏడు దాకా ఉన్న అమ్మాయి రూముకు ఎలా వెళ్ళాలి? మెస్‌లో భోజనం ఎన్నింటి దాకా ఉంటుంది? మా దగ్గర పనిచేసిన పిల్లల్లో చాలామంది షిఫ్ట్ అయ్యాక గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకో చదివేవాళ్ళు. కొందరి మీద చదువు కోసం చేసిన అప్పు ఉండేది. వాళ్ళలో అద్భుతంగా పనిచేసినవాళ్ళను నేను చూశాను, బస్సు టైముకు ఠంచనుగా వెళ్ళిపోయినవాళ్ళే. అదనంగా ఏం చేశారని అడగండి, అదనంగా ఎంతసేపు ఉన్నారని అడగకండి.

ఇక పని ఎవరికి చేరుతుందో తెలియడం. దీని శక్తి నేను మొదట్లో ఊహించినదానికంటే చాలా ఎక్కువ. అమెరికాలో ఆడమ్ గ్రాంట్ బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. విశ్వవిద్యాలయం కోసం ఫోన్‌లో విరాళాలు అడిగే ఉద్యోగులను, ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. నెల తర్వాత చూస్తే వాళ్ళు ఫోన్ మీద గడిపే సమయం, తెచ్చే విరాళం రెండూ రెట్టింపు దాటాయి. జీతం మారలేదు, మేనేజర్ మారలేదు.

మేం ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టును ప్యాకింగ్ విభాగానికి పిలిపించి మాట్లాడించాం. చదువు రాని పెద్దవాళ్ళు మాత్రను స్ట్రిప్పు రంగును బట్టి, ఆకారాన్ని బట్టి గుర్తుపడతారని, ఫాయిల్ రంగు కాస్త మారితే 'ఇది నా మందు కాదు' అని వెనక్కి ఇచ్చేస్తారని ఆయన చెప్పారు. షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుందని కూడా చెప్పారు. వింటున్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా ప్రింటు మసకగా పడటం వాళ్ళకు ఒక రిజెక్షన్ కోడ్ మాత్రమే. ఆ తర్వాత ప్రింట్ నాణ్యత గురించి మేం ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు, ప్రింటు ఎప్పుడు మసకబారుతోందో వాళ్ళే ముందుగా పట్టుకునేవాళ్ళు. మీ సరుకు వాడే ఒక కస్టమర్‌ను పిలిచి మీ పిల్లల మధ్య కూర్చోబెట్టండి. పొగడటానికి కాదు, ఎలా వాడుతున్నాడో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో చెప్పమనండి.

పెద్ద ఎత్తున ఇదెలా ఉంటుందో చూడాలంటే 2008 నవంబరు 26న ముంబయి తాజ్ హోటల్ మీద ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు లోపల జరిగింది గుర్తు చేసుకోవాలి. ఒక బాంక్వెట్ హాల్లో విందుకు వచ్చిన అతిథులను రాత్రంతా కాపాడిన సిబ్బంది బృందానికి నాయకత్వం వహించింది 24 ఏళ్ళ అమ్మాయి. తలుపులు వేయించింది, లైట్లు ఆర్పించింది, అతిథులను బల్లల కింద పడుకోబెట్టింది. కిటికీల్లోంచి బయటికి దింపేటప్పుడు అతిథులనే ముందు పంపారు. ఇలా చెయ్యమని వాళ్ళకు ఏ మాన్యువల్లోనూ లేదు. ఆ తర్వాత హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ రోహిత్ దేశ్‌పాండే దీన్ని పరిశీలించి రాశారు. చిన్న ఊళ్ళ నుంచి మనుషులను తీసుకోవడం, 18 నెలల శిక్షణ, అతిథి తరఫున సొంతంగా నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ, మంచి పని కనిపించగానే పై అధికారి మెచ్చుకోవడం, ఇవన్నీ ఏళ్ళ తరబడి అక్కడ జరుగుతున్నాయని ఆయన చూపించారు. ఆ ధైర్యం మొత్తాన్ని హెచ్ఆర్ పద్ధతుల ఖాతాలో వేయడం నాకు ఇష్టం లేదు, అది ఆ మనుషులదే. కానీ ఆ రాత్రికి ముందు చాలా కాలం వాళ్ళను నమ్మారన్నది నిజం.

కొన్ని హెచ్చరికలు చెప్పాలి. వీటిలో మొదటిది ప్రాణాలకు సంబంధించినది.

ప్రమాదకరమైన ఉత్సాహాన్ని ఎప్పుడూ మెచ్చుకోకండి. బ్యాచ్ ఆగకూడదని ఒక కుర్రాడు మెషీన్‌కు ఉండే రక్షణ గార్డు తీసేసి తిరుగుతున్న మెషీన్‌లోంచి ఇరుక్కున్న స్ట్రిప్పు లాగేస్తాడు. 'శభాష్' అంటే రేపు పదిమంది అదే చేస్తారు, వాళ్ళలో ఒకరి వేళ్ళు పోతాయి. మందుల తయారీలో ఎస్ఓపీ దాటి చేసిన మంచి పని కూడా డీవియేషనే, అంటే పద్ధతి తప్పడమే, చిత్తు కాగితం మీద రీడింగ్ రాసుకోవడం కూడా తప్పే. అలాంటి చోట పని దాటి ముందుకు రావడం అంటే మెషీన్ ఆపి 'నాకు తేడాగా అనిపిస్తోంది' అనడం. ఆపినవాడిని మెచ్చుకోండి. ఆపి చూస్తే ఏమీ లేదని తేలినా, అప్పుడు కూడా మెచ్చుకోవాలి. తిట్లు తిన్నవాడు రెండోసారి ఆపడు.

రెండోది, మెత్తగా ఉన్నవాడిని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎక్సెల్ బాగా వచ్చిన ఒక కుర్రాడు పక్క విభాగానికి ఒకసారి రిపోర్టు చేసి పెడతాడు. ఆర్నెల్లకు నాలుగు విభాగాల రిపోర్టులు అతని మీదే ఉంటాయి, జీతం, హోదా అవే. మిగతావాళ్ళు అది చూసి తమకు ఎక్సెల్ రాదని చెప్పడం నేర్చుకుంటారు. స్వచ్ఛందంగా మొదలైంది బలవంతంగా మారడం మీద ఇజ్రాయెల్ పరిశోధకుడు ఎరాన్ విగోడా-గడోట్ 2006 ప్రాంతంలో రాశారు. అలాంటి చోట ఒత్తిడి పెరుగుతుంది, మానేసి వెళ్ళిపోవాలన్న ఆలోచన పెరుగుతుంది. నా పద్ధతి ఏమిటంటే, అదనపు పని మూడోసారి కూడా అదే మనిషి దగ్గరకు వెళ్తోందంటే అది ఇక అదనం కాదు. దాన్ని అతని ఉద్యోగంలో రాసి జీతం పెంచాలి, లేదా ఇంకొకరికి నేర్పించాలి.

ఆడపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వీడ్కోలు సభకు బొకే తేవడం, మీటింగ్ మినిట్స్ రాయడం, పండగ రోజు ముగ్గు వేయడం ఎప్పుడూ వాళ్ళకే వెళ్తాయి. ప్రమోషన్ల దగ్గర వీటిని ఎవరూ లెక్కపెట్టరు. ఈ పనులు వంతుల వారీగా పంచండి, మగపిల్లలు కూడా బాగానే చేస్తారు.

ఇంకోటి. తన పని శుభ్రంగా చేసి ఇంటికెళ్ళే మనిషి మంచి ఉద్యోగే. ఇంట్లో జబ్బు మనిషి ఉండవచ్చు, స్వభావమే అంత కావచ్చు. అందరూ అన్నింటికీ ముందుకు రావాలని కోరుకోకండి, రానివాళ్ళను తక్కువగా చూడకండి.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. గడిచిన మూడు నెలల్లో మీ పిల్లలు మీకు కానీ, మీ సూపర్‌వైజర్లకు కానీ చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకుని రాయండి. చిన్నవైనా సరే. ప్రతిదానికీ ఎదురుగా ఏం జవాబు వెళ్ళిందో రాయండి. చాలావాటి ఎదుట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలు ఈ వారంలో నింపండి. 'చేయలేం, కారణం ఇది' అన్నది కూడా జవాబే, పిల్లలు దాన్ని గౌరవంగానే తీసుకుంటారు. చేయగలిగినవాటిలో ఒకదాన్ని, చెప్పిన మనిషి పేరుతోనే, వెంటనే చేసి చూపించండి. ఆ తర్వాత మీ సూపర్‌వైజర్లతో విడిగా కూర్చోండి. మీరు ఎంత మంచివారైనా, ఆ పిల్లలకు కంపెనీ అంటే వాళ్ళ సూపర్‌వైజరే. కిందివాడి ఆలోచన పైకి తెచ్చిన సూపర్‌వైజర్‌కు మీ దగ్గర విలువ పెరగాలి. అలా పెరుగుతుందని తెలిస్తే కొట్టేయాల్సిన అవసరం అతనికి ఉండదు.

కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు 'మీరు కష్టపడతారా' అని అడగకండి, అందరూ అవుననే అంటారు. కాలేజీలోనో, ఊళ్ళోనో, ఇంతకుముందు ఉద్యోగంలోనో తన పని కానిదాన్ని ఎప్పుడైనా పట్టించుకున్నారా, తర్వాత ఏమైంది అని అడగండి. వినాయక చవితి పందిరి లెక్కలు చూసినవాడు, హాస్టల్ మెస్ బాగుచేయించిన అమ్మాయి, తమ్ముడి ఫీజు కోసం ట్యూషన్లు చెప్పినవాడు మీకు దొరుకుతారు. వాళ్ళు మాట్లాడేటప్పుడు వివరాలు వస్తాయి, వాటిని వినండి.

మీ సంస్థలో సూపర్‌వైజర్లు ఎంతమంది, ఒక్కొక్కరి కింద ఎంతమంది పనిచేస్తున్నారు, వాళ్ళు కింది నుంచి పైకి వచ్చినవాళ్ళా బయటి నుంచి తెచ్చినవాళ్ళా అన్నది మీ ప్రశ్నలో లేదు. అది రాస్తే సూపర్‌వైజర్ల శిక్షణ ఎలా ఉండాలో ఇంకా వివరంగా చెప్పగలను.